పైడమ్మ ఎత్తు

నూకరాజు పిల్లల్ని చూసి ఇరవై రెండు నెలలైంది. చూడొద్దని ఎవరూ అనలేదు. ఒట్టు తనకు తానే పెట్టుకున్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ల ఊరిమీద తుఫాను పడ్డ రోజున ఇంటి కప్పు రేకు ఒకటి ఊడి లోపలికి వచ్చింది. ఏడేళ్ల పైడమ్మ భుజాన్ని చీరుకుంటూ పోయింది. తల్లి లేని పిల్లలు. ఆ పిల్ల ఏడవలేదు. తమ్ముడి తలను రెండు చేతులతో కప్పి అలాగే కూర్చుంది. ఆ కూర్చున్న తీరు నూకరాజు కళ్లముందు నుంచి కదలలేదు.

అదే గాలికి కొండమీద ఒక సాధువు వెదురు గుడిసె నేలదాకా వంగి మళ్లీ లేచి నిలబడిందని ఎవరో చెప్పారు. పిల్లల్ని పట్నంలో అక్క ఇంట దింపి, గాలికి లొంగని ఇల్లు కట్టాకే మీ ముందుకు వస్తానని చెప్పి అతను కొండెక్కాడు.

వెళ్లే ముందు పైడమ్మను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, సన్నటి వెదురు కర్రను సరిగ్గా ఆమె తల ఎత్తుకు కోసుకున్నాడు. పిల్ల పొడుగ్గా కనబడాలని మడమలెత్తింది. నేలకు ఆనించమని నూకరాజు గద్దించాడు. కొలత తప్పితే గుమ్మం తప్పుతుందని అతని భయం. పిల్లవాడి ఎత్తు దగ్గర అదే కర్రమీద ఒక గాటు పెట్టాడు.

కొండమీద ఆయన్ని అందరూ వెదురుసామి అనేవారు. ఆయన ఉన్నచోట గోడలు వెదురు, మంచం వెదురు, ఊటనీళ్లు గుడిసెదాకా వచ్చే కాలువ చీల్చిన వెదురు, అన్నం ఉడికేది వెదురు బొంగులో. కట్టడం నేర్పమని వచ్చినవాళ్లకి ఆయన ముందు వెదురు గ్లాసుతో నీళ్లిచ్చేవాడు. తరవాత కత్తి ఇవ్వకుండా సున్నం డబ్బా ఇచ్చేవాడు.

సున్నం ఎందుకంటే, ఏటా కార్తీకంలో పొదల్లోకి వెళ్లి ప్రతి బొంగుకీ ఒక పట్టీ వెయ్యాలి. నాలుగు పట్టీలున్న, అంటే నాలుగేళ్లు ముదిరిన బొంగునే కొట్టాలి. దాన్ని మడుగులో రాళ్లకింద నానబెట్టి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. అప్పుడది మనవల కాలందాకా ఉంటుంది. కొట్టినచోట మళ్లీ కొత్తది వస్తుంది, అడవి తరగదు.

నూకరాజుకి అంత ఓపిక ఎక్కడిది? వచ్చిన మొదటి ఏడే ఒక్క పట్టీ ఉన్న బొంగు, పచ్చగా, నిటారుగా, నిగనిగలాడుతూ ఉంటే ముచ్చటపడి కొట్టి కొడుక్కి చిన్న మంచం చేశాడు. కొన్నాళ్లకి ఒక పొద్దున సామి తన నల్ల కంబళి తెచ్చి ఆ మంచం కింద పరిచి వెళ్లిపోయాడు. సాయంత్రం కంబళి తీసేసరికి దానిమీద తెల్లటి పిండి. లోపల పురుగు మంచాన్ని తినేస్తోంది.

ఆ రోజునుంచి అతనికి ప్రతి బొంగుమీదా అనుమానమే. వాగు అవతల, బడి ఉన్న ఊరి చివర సామి చూపించిన జాగాలో ఇల్లు మొదలైంది. పైడమ్మ కర్ర ఎత్తును బట్టి కిటికీ పెట్టాడు, ఆ పిల్ల నిలబడితే గడ్డం కిటికీ అంచుమీద ఆనాలి, వాగు కనబడాలి. గాటును బట్టి పిల్లవాడికి మెట్టు కట్టాడు. ఒక్క ముడి వదులుగా అనిపించినా గోడంతా విప్పి మళ్లీ కట్టాడు. అలా మూడుసార్లు. ఇంటికప్పుకని నిరుడు చలికాలం కొట్టి, నానబెట్టి, ఆరబెట్టిన బొంగుల్లో పన్నెండింటిని తీసి పక్కన పడేశాడు. ఒకదానికి వెంట్రుకంత చీలిక, ఇంకోదానికి చిన్న వంకర.

సామికి వంటచేసే ముత్యాలక్క అవి చూసి నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఈ పన్నెండూ ఇస్తే మా ఊళ్లో పెళ్లిపందిరి లేపేస్తారు తమ్ముడూ. నువ్వేం, ఇంద్రుడికి కడుతున్నావా?"

ముత్యాలక్క వెటకారానికి అతను అలవాటుపడ్డాడు. ఆ వారం వచ్చిన ఉత్తరానికే అలవాటుపడలేకపోతున్నాడు. బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపే ఉత్తరాల్లో మొదట్లో పైడమ్మ ఒకటే అడిగేది, నాన్నా, ఎప్పుడొస్తావని. తరవాత, ఇల్లు ఎంతవరకు వచ్చిందని. ఈసారి ఏమీ అడగలేదు. ఇక్కడ అందరం క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. కింద పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

దసరాకి ఇల్లు పూర్తిచేసి తీరాలనుకున్నాడు. అప్పటికి శ్రావణం. సామి దగ్గరకి వెళ్లి, కప్పుకి పన్నెండు బొంగులు తక్కువయ్యాయని, కొట్టుకోవడానికి సెలవిమ్మని అడిగాడు.

సామి చేట అల్లుతున్నాడు. తలెత్తలేదు. వానల్లో పొదలోకి కత్తి పోదని, కొమ్ములు, అంటే కొత్త మొలకలు, పుట్టే నెలల్లో వాటికి తిండి పెట్టేది పక్కనున్న పెద్ద బొంగులేనని ఎన్నోసార్లు చెప్పిన మాటే మళ్లీ మెల్లగా చెప్పాడు.

నూకరాజు కదలలేదు. ఆరబెట్టే వేళ ఉండదని తెలుసని, ఈ పన్నెండింటినీ మళ్లీ మారుస్తానని, తన పిల్లల కోసమని అన్నాడు.

సామి అతని చంకలోకి చూశాడు. "ఆ కర్ర ఏమిటి నాయనా, ఎప్పుడూ వదలవు?"

"మా పైడమ్మ ఎత్తు సామీ. ఈ గాటు పిల్లాడిది. గుమ్మం, కిటికీ, మెట్టు, అన్నీ దీంతోనే. వెంట్రుకవాసి తేడా రాదు." ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో కొంచెం గర్వం కనబడింది.

సామి చేట పక్కన పెట్టి లేచాడు. కర్ర చేతిలోకి తీసుకుని పొద దగ్గరకి నడిచాడు. పొద అడుగున, తడిసిన ఆకుల మధ్య, జానెడు కొమ్ము ఒకటి గోధుమరంగు పొరలు కప్పుకుని నిలబడి ఉంది. దాని పక్కనే కర్రను మొదలు నేలకు ఆనేలా నిలబెట్టి, వెనకనున్న పాత బొంగుకి నారతో కట్టాడు.

"ఈ కొమ్ము నీ కర్రను దాటిన రోజు కత్తి తీసుకురా" అన్నాడు.

నూకరాజు లెక్క వేసుకున్నాడు. నెల పడుతుందేమో. అయినా దసరాకి ముందే. రెండేళ్లుగా ఎన్నో బొంగులకి పట్టీలు వేశాడు గాని, ఆ పని కార్తీకంలో. అప్పటికి కొత్తవన్నీ అతని తల దాటి ఎక్కడికో వెళ్లిపోయి ఉండేవి. వానాకాలమంతా అతను వాగు అవతల ఇంటిపనిలో ఉండేవాడు. ఒక కొమ్ము ఎలా ఎదుగుతుందో దగ్గర నిలబడి చూసింది లేదు.

మర్నాడు వచ్చి చూస్తే నాలుగు వేళ్లు పెరిగింది. ఆ మర్నాడు ఇంకో నాలుగు వేళ్లు. తృప్తిగా వాగు దాటి ఇంటి దగ్గరకి వెళ్లాడు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. వాగు పొంగింది. ఆరు రోజులు ఇవతలికి దాటడానికి వీల్లేకపోయింది.

ఆ ఆరు రోజులూ సగం కప్పిన ఇంట్లో, తడవని మూల చూసుకుని కూర్చున్నాడు. గాలి వచ్చినప్పుడల్లా గోడలు కిర్రుమని వంగి మళ్లీ సర్దుకున్నాయి. ఒక్క ముడీ జారలేదు. కిటికీ దగ్గర మోకాళ్లమీద నిలబడి, గడ్డం అంచుకి ఆనించి, పైడమ్మకి వాగు ఎలా కనబడుతుందో చూశాడు. బాగానే కనబడుతోంది. అక్కడ లేనిదల్లా పైడమ్మే.

ఏడో రోజు పొద్దున వాగు తగ్గింది. కత్తి నడుముకి దోపుకుని మొలలోతు నీళ్లలో దాటి పొద దగ్గరకి వచ్చాడు.

కొమ్ము ఏదో ముందు పోల్చుకోలేకపోయాడు. నార కనబడింది. కర్ర కనబడింది. కర్రకి పైన మూరెడు ఎత్తున కొమ్ము మొన ఆకాశంలోకి ఉంది. పొరలు విడిపోతూ, లోపల పచ్చదనం కొత్తగా, తడిగా మెరుస్తోంది. కర్ర చివర, పైడమ్మ తల ఉండే చోటు, దానికి భుజం దగ్గర ఆగిపోయింది. పిల్లవాడి గాటైతే ఎక్కడో కిందనే.

నూకరాజు కత్తి తీశాడు. తాను చూసింది రెండు రోజులు. చూడనివి ఆరు.

పక్కన నాలుగు పట్టీల బొంగులు, కొట్టుకోదగ్గవి, చేతికందేలా ఉన్నాయి. వాటివైపు చూడలేదు. కొమ్మును రెండు వేళ్లతో ముట్టుకున్నాడు. తరవాత కత్తితో నార కోసి కర్రను విడిపించాడు.

గుడిసె దగ్గర సామి చిక్కుడు పాదు సర్దుతున్నాడు. ఎన్ని కొట్టావని అడగలేదు. చెయ్యి చాపాడు. నూకరాజు కర్ర ఇచ్చాడు. సామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాదు మధ్య తడినేలలోకి గుచ్చి, నేలమీద పడి ఉన్న తీగను దానికి చుట్టాడు.

"పాత కొలత" అన్నాడు. "తీగకి పనికొస్తుంది."

ముత్యాలక్క ఏమీ అడక్కుండానే లోపలికి వెళ్లి, వెదురు బొంగులో అన్నం కూరి, మూతికి ఆకు బిగించి తెచ్చింది. మధ్యాహ్నం బస్సు ఉందని, పరిగెత్తితే అందుతుందని, పిల్లలకి వాసన పోకముందే పెట్టమని చెప్పింది. ఈ గడ్డంతో వెళ్తే వాళ్లు జడుసుకుంటారు, దార్లో గీయించుకోమని కూడా అంది.

నూకరాజు ఆ బొంగును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చంకలో కర్ర లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైడమ్మను మళ్లీ గుమ్మానికి ఆనించి నిలబెడితే, ఈసారి మడమలెత్తినా ఏమీ అనకూడదనుకున్నాడు. అసలిప్పుడు ఎత్తుతుందో లేదో.

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. వాగు అవతల సగం కప్పిన ఇల్లు కనబడుతోంది.

"ఇల్లు, సామీ?"

సామి తీగ చివరను కర్రమీదికి ఎక్కిస్తున్నాడు.

"కట్టిన వెదురు నీ కోసం ఆగుతుంది నాయనా."