దారం పడని మూడాకులు

అనగనగా, రాత అంటే తాటాకే అయిన రోజుల్లో, సముద్రానికి ఒక రోజు నడక దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక పండితసభ. ఆ సభకు తాటాకులు ఆరబెట్టి, చదును చేసి ఇచ్చేవాడు గవరయ్య. కాలు అవిటి, మాట తక్కువ.

సభకో ఆచారం ఉండేది. ఎవరైనా ఆకు రాసి ఇవ్వొచ్చు. ఒకరి మాట ఇంకొకరు వాడుకుంటే, ఆ మొదటివాడి ఆకుకు ఒక దారం కట్టాలి. పన్నెండేళ్లకీ ఒక్క దారమైనా పడని ఆకు వంటశాల పొయ్యిలోకి పోతుంది.

పెద్ద పండితుడు భానుభట్టు బండెడు ఆకులు రాశాడు. వాటికి నూరు దారాలు. గవరయ్య జన్మంతా కలిపి రాసినవి మూడే ఆకులు. సంతకొచ్చే చేపలామెని అడిగేవాడు, "ఈ రోజు సముద్రానికి పోటు ఎప్పుడొచ్చిందమ్మా?" అని. ఇంటికొచ్చి చంద్రుణ్ణి చూసేవాడు. చూశాడు, లెక్కేశాడు, మళ్లీ చూశాడు. చివరికి ఆ మూడాకుల్లో రాశాడు: సముద్రం చంద్రుడి వెంట నడుస్తుంది, చంద్రుడు రోజుకు రెండు గడియలు ఆలస్యం, పోటూ అంతే ఆలస్యం.

పండితులు పడీపడీ నవ్వారు. "సముద్రం మొహం చూడనివాడు సముద్రానికి లెక్క చెబుతాడట!"

చేపలామె నవ్వలేదు. ఆ లెక్క పట్టుకుపోయి రేవులో చెప్పింది. రేవు నుంచి ఉప్పుమళ్లకు పోయింది. తిరిగి తిరిగి పండితుల ఆకుల్లోకే వచ్చింది. దారం మాత్రం ఎవరూ కట్టలేదు.

పన్నెండో ఏడు గవరయ్య మంచం పట్టాడు. "నా ఆకులకి దారం పడిందేమో సూసిరాయే" అని పెళ్లాం సింగమ్మను పంపాడు. ఆమె చూసొచ్చింది. ఒక్కటీ లేదు. "పడింది" అని చెప్పింది. అతను ఆ పూట కడుపునిండా గంజి తాగి, మర్నాడు పోయాడు.

ఇక ఆకులు పొయ్యిలోకి పోవాలి. ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యాలని సింగమ్మ బయలుదేరింది.

రేవుకు పోయి పడవవాణ్ణి అడిగింది. "ఈ పోటు లెక్క నీకెవలు సెప్పినార్రా నాయనా?"

"ఎవలో సెప్పడమేటమ్మా? మా తాతలకాడ్నుంచీ ఉన్నదే."

"మీ తాత పోటు తెలీకే గదా సముద్రంలో పోనాడు?"

పడవవాడు తల గోక్కున్నాడు.

ఉప్పుమడిలో రైతునూ అడిగింది. "అందరికీ తెలిసిందే గదమ్మా" అన్నాడు.

సభకొచ్చి భానుభట్టును అడిగింది. అప్పటికే వంటవాడు గవరయ్య ఆకులు చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"లోకమంతా ఎరిగిన మాట. దానికి దారమెందుకమ్మా?" అన్నాడు భట్టు.

"అయితే బాబూ, ఆ ఒక్క మాటా తీసేసి మీ ఆకు సదవండి."

భట్టు నవ్వి ఆకు తీశాడు. "ఓడలు బయలుదేరవలసిన వేళ..." ఆగాడు. ఇంకో ఆకు తీశాడు, ఆగాడు. మూడోది తీసి, నోరు తెరవకుండానే కింద పెట్టేశాడు.

చెడ్డవాడు కాడు పాపం. లేచి తన ఉత్తరీయం నుంచి దారం లాగి గవరయ్య ఆకులకు కట్టాడు. ఆ వెనక ఒక్కొక్కరే లేచారు. పొద్దువాలేసరికి దారాల కింద ఆకులు కనబడలేదు.

అందరూ సింగమ్మ సంతోషిస్తుందనుకున్నారు. ఆమె ఏడ్చింది.

"ఆయన బతికుండగా ఒక్కటి కట్టుంటే సాలును బాబూ. నాసేత అబద్ధం ఆడించినారు."



ఇప్పటికీ ఆ తీరంలో పడవ నెట్టేముందు "గవరయ్య మాట" అంటారు, ఆ తర్వాతే పోటు లెక్కేస్తారు. ఎవడైనా కుర్రాడు "ఇది అందరికీ తెలిసిందే గదా" అన్నాడా, ముసలమ్మలు ఊరుకోరు.

"అయితే తీసేసి సదువు, సూద్దాం" అంటారు.