తాళ్ళవంపు చర్చికి మరో పూత

అనగనగా ఒక రైల్వే ఊళ్ళో, జేబులో మూడు వందల రూపాయలు వేసుకుని ఒక కుర్రాడు చర్చి కట్టడానికి బయలుదేరాడు. నవ్వకు పండూ, నిజమే చెబుతున్నా. ఆ చర్చి నీ జానెడంత కూడా ఉండదు.

కుర్రాడి పేరు గోవర్ధనం. లెక్కల్లో దిట్ట. దోసె చేతికిస్తే ముందు దాని చుట్టుకొలత చెప్పి, ఆ తర్వాత తినే రకం.

ఆ ఊళ్ళో రిటైరైన రైల్వే వాళ్ళంతా కలిసి ఒక గదిలో పెద్ద బల్ల మీద బుల్లి రైలు నడిపేవారు. తాము జీవితమంతా తిరిగిన లైనునే అచ్చుగుద్దినట్టు చేసుకున్నారు. స్టేషన్లు, వంతెనలు, గేట్లు అన్నీ అసలు వాటిలో ఎనభై ఏడో వంతు. పట్టాలు వంపు తిరిగే తాళ్ళవంపు ఊరి దగ్గర మాత్రం ఖాళీ. అక్కడ చర్చి రావాలి.

"నేను కడతాను తాతగారూ," అన్నాడు గోవర్ధనం.

ఆ గదికి పెద్ద కామేశ్వరరావుగారు. గూడ్సు బళ్ళకి గార్డుగా పనిచేసిన మనిషి. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "కట్టు. బాగుంటే ఈ గదిలో నీకూ ఒక కుర్చీ వేస్తాం. బాగోకపోతే ఆ చోట నాలుగు పొదలు నాటేస్తాం. క్రిస్మస్ సెలవుల్లో జనం చూడ్డానికొస్తారు, గుర్తుంచుకో."

గోవర్ధనానికి ఆ కుర్చీ మీద ఎంత ఆశో! కుర్రాళ్ళు ఆ గదిలో నిలబడి చూడాల్సిందే తప్ప, కూర్చుని రైలు నడిపింది లేదు.

అప్పుడు గోవర్ధనం అట్టలు, జిగురు, రంగులు కొన్నాడు. తాళ్ళవంపులో బండి ఆగదు. అందుకని పాసింజరు కిటికీలోంచే చర్చిని చూశాడు. పక్కనున్న కరెంటు స్తంభం ఎత్తు తెలుసు కదా, దానితో పోల్చి చర్చి ఎత్తు లెక్క కట్టాడు. ఎనభై ఏడుతో భాగించాడు. కట్టాడు. తెల్లగా, నున్నగా, ముద్దుగా వచ్చింది.

గార్డుగారు చూసి, "మూత తీస్తే లోపల మైసూరుపాకు ఉంటుందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. గోవర్ధనం చెవులు ఎర్రబడ్డాయి. నిజమే, వానా ఎండా ఎరగని చర్చి ఎక్కడైనా ఉంటుందా?

ఆ తర్వాత దాన్ని పాతదాన్ని చెయ్యడం మొదలుపెట్టాడు. టీ డికాషను పూశాడు. బొగ్గుపొడి అద్దాడు. చూరు కింద వాన చారలు గీశాడు. నాలుగు గోడల మీదా సమానంగా, ఒక్క అంగుళం వదలకుండా. చేతులు నల్లబడ్డాయి గానీ మనసు నిండింది.

గార్డుగారు ఈసారి నవ్వలేదు. వంగి, చర్చి వెనకవైపు చాలాసేపు చూశాడు. "ఇది సరిగ్గా ఉందిరా. బొగ్గింజన్ల మసి ఇలాగే ఉంటుంది." ఆ తర్వాత చర్చిని ముందుకి తిప్పాడు. "ఇది మాత్రం... ఎవరూ లేని ఇల్లులా ఉందేమిటి?"

"అసలుది ఎలా ఉంటుంది తాతగారూ?"

గార్డుగారు చర్చిని బల్ల మీద పెట్టాడు. గదిలో ఉన్న డ్రైవర్లని చూశాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నా సర్వీసంతా దాని వీపే చూశానురా," అన్నాడు గార్డుగారు. "ముఖం ఊరివైపు ఉంది. మేమెవరమూ ఎప్పుడూ దిగలేదు."

చూశావా పండూ! బల్ల దగ్గర నిలబడే జనానికి కనబడేదేమో ముఖం. కట్టినవాడూ ఎరగడు, తప్పు పట్టినవాడూ ఎరగడు.

అప్పుడు గోవర్ధనం టేపు జేబులో వేసుకుని పాసింజరెక్కాడు. తాళ్ళవంపు దాటాక వచ్చే స్టేషన్లో దిగి, పట్టాల పక్క కాలిబాటన వెనక్కి నడిచాడు. చర్చి చుట్టూ తిరిగి ముందుకొచ్చేసరికి కళ్ళు చెదిరాయి. ముందు గోడ తళతళా మెరిసిపోతోంది. నీలం తలుపు. గుమ్మం దగ్గర డ్రమ్ములో సున్నం కుతకుతమంటోంది. కొంగు నడుముకి బిగించి ఒకావిడ నిచ్చెన మీద నిలబడి కుంచె ఆడిస్తోంది.

ఆవిడ టేపు చూసి గయ్యిమంది. "మళ్ళీ కొలతలా? ఇంకో లైను వేస్తామని మా చర్చి తీసేస్తారా ఏం?"

"కాదమ్మా, బొమ్మ చర్చి చెయ్యడానికి!"

ఆవిడ పేరు మార్తమ్మ. కాసేపు అతని మొహం చూసి, గలగలా నవ్వింది. "బొమ్మ చేసేవాడికి ముందు సున్నం కొట్టడం రావాలి. ఊరికే నిలబడతావేం? పట్టు!"

పట్టాడు. సున్నంలో చిటికెడు నీలిమందు కలుపుతారని చూశాడు. ఏటా క్రిస్మస్ ముందు ఊరంతా కలిసి మూడు గోడలకి సున్నం వేస్తారని విన్నాడు. వెనక గోడ రైల్వే వాళ్ళ స్థలంలోకి తిరిగి ఉంది, అక్కడ నిచ్చెన వెయ్యనివ్వరు. అందుకే అది అలా నల్లగా మిగిలిపోయింది.

ఆ తర్వాత మూల మీద చెయ్యి వేశాడు. పదునే లేదు. అరిగిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా ఉంది. ఒకచోట సున్నం పెచ్చు ఊడితే లోపల పొర మీద పొర కనబడింది.

"అది మా అత్త వేసింది. దాని కింద పొర వాళ్ళ అత్తది," అంది మార్తమ్మ, అత్తలని ఆ గోడలోనే దాచుకున్నట్టు.

గోవర్ధనం మనసులో గబగబా లెక్క వేశాడు. ఇన్నేళ్ళ పొరలూ కలిపి ఎనభై ఏడుతో భాగిస్తే వెంట్రుక మందం కూడా రాలేదు. లెక్క ప్రకారం బొమ్మకి ఆ పూతలు అక్కర్లేదు. కానీ చేతి కింద గుండ్రంగా ఆ మూల ఉంది కదా! పాతబడడమంటే మాసిపోవడమే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇక్కడేమో ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేయగా వేయగా పాతబడింది.

మార్తమ్మ చిన్న సీసాలో సున్నం పోసిచ్చింది.

ఇంటికొచ్చి, తను అంత మురిపెంగా వేసుకున్న వాన చారల మీదే సున్నం పూశాడు. ముందు ఒక పూత. ఆరనిచ్చి ఇంకోటి. ఆరనిచ్చి ఇంకోటి. మూలలు మెత్తబడేదాకా వేశాడు. అక్కడక్కడా పాత డికాషను మరక లేత పసుపుగా పైకి వచ్చింది. దాన్ని అలాగే ఉంచాడు. తలుపుకి నీలం రంగు వేశాడు. వెనక గోడని మాత్రం ముట్టుకోలేదు.

సెలవుల్లో జనం వచ్చేముందు చర్చిని వంపు దగ్గర నిలబెట్టాడు. బుల్లి గూడ్సు దాని వీపు వెనకగా పోయింది. గార్డుగారు బండితోపాటు ఒక కన్నేసి, "ఆఁ, ఇదే," అన్నాడు. ఆ తర్వాత మెల్లగా బల్ల చుట్టూ నడిచి ముందుకొచ్చాడు. వంగి గుమ్మం వైపు చూశాడు.

"తలుపు నీలమా?"

"నీలమే తాతగారూ."

"ఎన్నిసార్లు పోయానురా దాని పక్కనుంచి," అన్నాడు. అని, మూలనున్న కుర్చీని తనే లాక్కొచ్చి బల్ల దగ్గర వేశాడు. "కూర్చో. బండి నువ్వు నడుపు."

అక్కడితో అయిపోలేదు పండూ. మళ్ళీ డిసెంబరు వచ్చింది. అసలు చర్చికి ఇంకో పూత పడితే బొమ్మ చర్చి ఒక పూత వెనకబడిపోతుంది కదా! అందుకని గోవర్ధనం ఖాళీ సీసా జేబులో వేసుకుని పాసింజరెక్కాడు. ఈసారి పక్కన గార్డుగారు ఉన్నాడు. ఇద్దరూ నీలం తలుపు ముందుకొచ్చి నిలబడ్డారు. మార్తమ్మ కుంచె చాపింది. గార్డుగారు నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. గోవర్ధనం కాలెత్తాడు.

"ఎక్కాడా అమ్మమ్మా?"

ఎక్కబోతున్నాడు.

బండి పోయింది వంపుకి,
కథ పోయింది కంచికి,
కళ్ళు మూసుకుని నువ్వు రా
అమ్మమ్మ మంచానికి.