రెండో గీత

దొడ్డవరపు పట్టాభి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి సందేహం అడిగితే జవాబు చెప్పడం మానేసి ఏదో ఒక పని పురమాయించేవారు. నలభై ఏళ్ళు హైకోర్టులో వకీలుగా వాదించీ వాదించీ ఆయనకు వాదన మీదే విసుగు పుట్టిందని కొందరు అనేవారు. అది నిజం కాకపోవచ్చు. స్టే పిటిషను ఎలా రాయాలని జూనియరు అడిగితే, “ముందు ఆ బీరువాలో పుస్తకాలు దులుపు” అనేవారు. దులుపుతూ ఉండగా కావలసిన పుస్తకం చేతికి తగిలేది. తగలకపోతే బీరువా అయినా శుభ్రపడేది.

అలా దులిపినవాళ్ళలో కోటంరాజు వైకుంఠరావు గారు ఒకరు. ఇప్పుడాయన హైకోర్టు జడ్జి. ఒక ఆదివారం పొద్దున, గన్‌మన్‌ను వద్దని, తానే కారు నడుపుకుంటూ గురువుగారి ఊరు ఈదుమూడిపాలెం వచ్చారు. నాలుగు రోజులుగా ఆయనకు సరిగ్గా నిద్ర లేదు.

మర్నాడు ఆయన ఒక ఆర్డరు చదవాలి. సముద్రపు ఒడ్డున రెండువేల ఎకరాలు పాత ప్రభుత్వం ఒక కంపెనీకి ఇచ్చింది. కొత్త ప్రభుత్వం వచ్చి వెనక్కి తీసుకుంది. కంపెనీ కోర్టుకెక్కింది. చిక్కేమిటంటే, జడ్జి కాకముందు వైకుంఠరావు గారు తొమ్మిదేళ్ళు ప్రభుత్వ ప్లీడరుగా పనిచేశారు. అది కూడా, ఇప్పుడు గద్దె మీదున్న పార్టీ ఇదివరకు ఏలిన రోజుల్లో. కేసు ఆయన బెంచికి వచ్చిన రోజే ఒక పేపరు ‘తీర్పు ముందే తెలిసిపోయింది’ అని రాసింది. టీవీలో ఒకాయన వైకుంఠరావు గారి కూతురి పెళ్ళి ఫోటో పెట్టి, అందులో ఏ మంత్రి అక్షింతలు వేస్తున్నాడో వేలితో చూపించాడు. పోనీ తప్పుకుంటానని కోర్టులో అంటే, కంపెనీ తరఫు వకీలే లేచి, “మాకేమీ అభ్యంతరం లేదు మైలార్డ్” అని నవ్వాడు. నిద్ర పట్టనివ్వనిది ఎక్కువగా ఆ నవ్వే.

ఫైలు చదివితే ప్రభుత్వం వాదనలో పస కనిపిస్తోంది. కనిపించిన ప్రతిసారీ, పక్షపాతం అంటారన్న బెదురుతో కలం ఆగిపోతోంది. శనివారం సాయంత్రం ఆయన కంపెనీకి అనుకూలంగా ఒక చిత్తు రాసుకున్నారు. రాశాక మనసు దూదిపింజలా తేలికపడింది. ఆ తేలికదనానికే భయపడి పొద్దున్నే కారెక్కారు.

“గురువుగారూ, రేపు ఒక కేసులో...”

“కేసు చెప్పకు,” అన్నారు పట్టాభి గారు. “రేపు నువ్వు కోర్టులో చదవాల్సింది ఇవాళ నా చెవిన ఎందుకు పడాలి?”

“కేసు కాదండీ. నేను ఎటు మొగ్గినా పక్షపాతమే అంటారు. అసలు ఏ పక్షమూ లేకుండా కూర్చోవడం ఎలాగో చెప్పండి.”

“టిఫిను తిన్నావా?”

“తిన్నానండీ.”

“అయితే చెప్పులు తొడుక్కో.”

ఆ రోజు ఊరి బయట ఎడ్ల బండలాగుడు పోటీలు. ఆ బండ అసలు ఎప్పుడో మూతపడిన నూనె మిల్లు పునాదిలోది. దాన్ని పెకలించడానికే మూడు జతల ఎడ్లు పట్టాయని చెబుతారు. అది వేరే కథ. పోటీ నియమం మాత్రం తేలిక. జతకు పదిహేను నిమిషాలు. అంతలో బండను ఎంత దూరం లాగితే అంత. కానీ సమయం అయిందని ఈల వేస్తే ఎడ్లు అక్కడే ఆగవు. బండ ఇంకో గజమో రెండు గజాలో జారుతుంది. అందుకని ఒక పెద్దమనిషి సున్నపు డబ్బా పట్టుకుని బండ పక్కనే పరుగులాంటి నడక నడుస్తాడు. ఈల మోగిన క్షణాన బండ ముందంచు ఎక్కడుందో అక్కడ గీత వేస్తాడు. కొలత ఆ గీత దాకానే.

పదేళ్ళుగా ఆ పెద్దమనిషి పట్టాభి గారు. ఆ ఏడు ఆయన కంటికి పొర వచ్చింది. డబ్బా శిష్యుడి చేతిలో పెట్టారు.

“నేనా! ఎవరైనా గుర్తుపడితే...”

“నల్లగౌను లేకపోతే నువ్వూ అందరిలాంటివాడివే. పద.”

మైకువాడు ఊరుకోలేదు. “ఈసారి గీత వేసేది మన పట్టాభి గారి శిష్యులు, వలపర్తిపాలెం వైకుంఠం గారు!” అని అరిచాడు. జనంలోంచి ఒకడు, “వలపర్తిపాలెం జత కూడా ఉందిగా! ఇంకేం, పందెం అయిపోయినట్టే!” అన్నాడు. అందరూ నవ్వారు. వైకుంఠరావు గారు పన్నెండేళ్ళప్పుడు వదిలిన ఊరు అది. అయినా పేరు వినగానే గుండె కొట్టుకుంది.

నాలుగు జతలు లాగాయి. రాయవరం రైసుమిల్లు యజమాని గిత్తలు అందరికన్నా ముందున్నాయి. చివరగా వలపర్తిపాలెం జత వచ్చింది. ఆసామి యర్రం పోలయ్య అరవై దాటిన మనిషి. గిత్తల చెవుల్లో ఏదో చెప్పి, వెనక్కి వచ్చి, ఒక్క కేక పెట్టాడు. బండ కదిలింది. వైకుంఠరావు గారు దుమ్ములో దగ్గుతూ పక్కనే నడిచారు. అటూ ఇటూ, అటూ ఇటూ. చివరి నిమిషంలో గిత్తలు మోకాళ్ళ మీద పడి లేచాయి.

ఈల మోగింది.

బండ ముందంచు ఎక్కడుందో ఆయన స్పష్టంగా చూశారు. సరిగ్గా అప్పుడే వెనక ఎవరో, “సొంతూరోళ్ళకి సాగదీస్తాడు చూడు” అన్నారు. చెయ్యి వంగింది. సున్నం రాలింది. గీత పడింది, ఆయన చూసిన చోటికి మూరెడు ఇవతల.

టేపు పట్టారు. రాయవరం కన్నా ఆరంగుళాలు తక్కువ.

చప్పట్లు మోగాయి. “సొంతూరినే ఓడించాడ్రా! పెద్దమనిషంటే అట్టా ఉండాలి!” మిల్లు యజమాని కొబ్బరిబోండాం కొట్టించి తనే తెచ్చి ఇచ్చాడు. వైకుంఠరావు గారి మనసు తేలికపడింది. ఆ తేలికదనం కొత్తది కాదు. అది గుర్తుపట్టగానే ఆయన బోండాం తాగకుండా పక్కన పెట్టేశారు.

పోలయ్య గిత్తల మూతుల నురగ పైపంచెతో తుడుస్తూ అక్కడే నిలబడ్డాడు.

“అయ్యా, ఒక్క మాట. మీదీ మా ఊరేనంట గదా. మేం రాయవరపోళ్ళమైతే ఆ గీత ఏడ పడేది?”

జవాబు కోసం ఆగలేదు. “ఏడాదంతా మనవళ్ళకి పెట్టని ఉలవలు వీటికి పెట్టా” అని తనలో తాను అనుకుంటూ పగ్గాలు పట్టుకుని వెళ్ళాడు.

వైకుంఠరావు గారు వచ్చి గురువుగారి కుర్చీ పక్కన నిలబడ్డారు.

“గీత తప్పు పడింది గురువుగారూ.”

“ఎవరికి తెలుసు?”

“నాకు.”

“ఇంకెవరికి?”

“ఇంకెవరికీ తెలియదు. తెలిసే దారీ లేదు.”

పట్టాభి గారు కాలి దగ్గరున్న సున్నపు డబ్బాను కాలితోనే శిష్యుడి వైపు కొంచెం జరిపారు.

వైకుంఠరావు గారు డబ్బా తీసుకుని బరిలోకి వెళ్ళారు. మైకు అడిగారు. “నేను చూసింది ఒకచోట, గీసింది ఒకచోట. తప్పు నాది” అన్నారు. మొదటి గీతకు మూరెడు అవతల, బండ జారిన చారకు ఇవతల, రెండో గీత వేశారు. గీత కొంచెం వంకరపోయింది.

ఇక చూడాలి ఆ గోల. “ఏం సారూ, సొంతూరు గుర్తొచ్చిందా?” “పోలయ్య చెవిలో ఏం ఊదాడు?” “ఇందాకటిది తప్పయితే ఇది మాత్రం ఒప్పని నమ్మకమేంటి?” మిల్లు యజమాని కమిటీవాళ్ళ మీదికి వెళ్ళాడు. “ఇట్టాంటోళ్ళని పేపర్లో వేయించాలి!” అని ఒక కుర్రకారు గుంపు అరిచింది. ఎవరో విసిరిన మట్టిగడ్డ కారు తలుపుకు తగిలి చిట్లింది. పోలయ్య కనీసం ఇటు చూడలేదు. కాలవ దగ్గర గిత్తలకు నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

పట్టాభి గారిని ఎక్కించుకుని కారు ఊరి దారి పట్టింది. స్టీరింగు మీద వైకుంఠరావు గారి వేళ్ళు సున్నంతో తెల్లగా ఉన్నాయి. ఇంటికి వెళ్ళగానే నిన్నటి చిత్తు పక్కనపెట్టి ఆ ఫైలు మొదటి పేజీ నుంచి తెరవాలి. తెరిస్తే, ఈ అరుపులే రేపు పొద్దున ఇంతకు పదింతలై వినిపించవచ్చు. దూరం నుంచి మైకు గోల ఇంకా వస్తూనే ఉంది.

“వాళ్ళ సంగతి సరే,” అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. “మీరైనా నమ్ముతున్నారా గురువుగారూ, రెండో గీత సరైనదని?”

“నమ్మడానికి నేనెవరిని వైకుంఠం?” అన్నారు పట్టాభి గారు. “ఈల మోగినప్పుడు బండ పక్కన ఉన్నది నువ్వొక్కడివే.”