వాయి దిగిందోయ్!

అనగనగనగా, పాటను పట్టి దాచాలంటే పళ్లెమంత టేపు చుట్ట కావలసిన రోజుల్లో, ఒక రేవూరు. ఆ రేవూళ్లో రైలువాళ్ల క్లబ్బు. ఆ క్లబ్బు వెనక వంటగదిలో బజ్జీల అప్పలనరసమ్మ.

ఏం బజ్జీలండీ అవి! వాటికోసమే క్లబ్బుకొచ్చేవాళ్లు సగం మంది. మిగతా సగం పేకాటకొచ్చామని చెప్పి బజ్జీలు తినేవాళ్లు. ఆవిడకొక అలవాటుంది. మూకుడులోంచి వాయి తీసినప్పుడల్లా "వాయి దిగిందోయ్!" అని ఒక్క కేక పెట్టేది. కేక పెట్టకుండా దించితే బజ్జీ అలిగి నూనె తాగేస్తుందని అత్తగారు చెప్పింది. అత్తగారు పోయింది గానీ ఆ మాట పోలేదు. రేవులో ఓడ కూతకీ ఆ కేకకీ పోటీ పెడితే ఓడే తగ్గాలి.

ఆ క్లబ్బులో శనివారం శనివారం రాక్ పాటలు వాయించే కుర్రాడు ఎలీషా. కరెంటు గిటారు, భుజాల దాకా జుట్టు. ఊరు దాటితే వాడి పేరు ఎవరికీ తెలీదు. ఒకనాడు వాడు వంటగదిలోకొచ్చి నిలబడ్డాడు.

"పిన్నమ్మా, ఈ శనివారం నా పాటలు టేపు పడతన్నారు. మద్రాసు కంపెనీకి పంపుతాం. అద్దె మెషిను, ఉన్నది ఒక్కటే చుట్ట. ఇది పోయిందా, నేనూ మా నాన్నలాగ బొగ్గు తట్టలు మొయ్యాల్సిందే. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ పూట కేక పెట్టకు."

"అయితే పొయ్యే ఎలిగించన్లేరా నాయనా."

"బజ్జీలు లేపోతే జనం కూకోరు పిన్నమ్మా! చప్పట్లెవరు కొడతారు?"

చూశారా చిక్కు? చప్పట్లు కావాలంటే జనం కావాలి. జనం కావాలంటే బజ్జీలు కావాలి. బజ్జీలు కావాలంటే కేక కావాలి. కేక పడిందా, కుర్రాడి బతుకు బుగ్గి!

"నోరు కట్టేసుకుంటాన్లే. నీకన్నా ఎక్కువేటి బజ్జీలు?" అంది అప్పలనరసమ్మ.

శనివారం సాయంత్రం చుట్ట తిరగడం మొదలైంది. మొదటి పాట, మొదటి వాయి. కేక గొంతుదాకా వచ్చింది. అప్పలనరసమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కేక ఆగింది. బజ్జీలు నిజంగా నూనె తాగాయో లేదో గానీ, ఆవిడ కంటికి మాత్రం తాగినట్టే కనబడ్డాయి.

రెండో పాట, రెండో వాయి. ఈసారి ఉడికించిన బంగాళాదుంప నిండుగా నోట్లో పెట్టుకుంది. కళ్లు బయటికొచ్చాయి గానీ కేక రాలేదు.

మూడో పాట, మూడో వాయి. ఆవిడకి భయం పట్టుకుంది. బేరరు నూకరాజుని పిలిచి, "ఒరే, నా నోరు నీ సేత్తో గట్టిగా మూసెయ్. సచ్చినా వదలకు" అంది. నూకరాజు మూశాడు. మూడోది మెల్లటి పాట. ఎలీషా ఒక్క తీగని లాగి, ఇంకా లాగి, అలాగే ఉంచాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నూకరాజుకి దుఃఖం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకోడానికి చెయ్యి తీశాడు, మొద్దావతారం!

"వాయి దిగిందోయ్!"

కిటికీ అద్దాలు అదిరాయి. ఎలీషా చెయ్యి ఆగిపోయింది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఎలీషాకీ నవ్వాగలేదు. అప్పటిదాకా ఆ మెషినుకి భయపడి, చేతులు బిగుసుకుపోయి వాయిస్తున్నాడు పాపం. పోయిందేదో పోయిందనుకున్నాడు. ఆ కేకనే గిటారు మీద పలికించి, అక్కణ్ణించి అందుకున్నాడు చూడండీ, జనం కుర్చీలెక్కారు! చుట్ట అయిపోయేదాకా వాడు ఆపితే ఒట్టు.

నవ్వులన్నీ అయ్యాక ఎలీషా ఆ టేపు ఒళ్లో పెట్టుకుని మెట్లమీద కూర్చున్నాడు. బజ్జీ ఇస్తే తినలేదు. "ఓలమ్మో, కుర్రోడి కొంప ముంచేసాన్రో!" అని అప్పలనరసమ్మ గుండెలు బాదుకుంది. వేరే చుట్ట లేక దాన్నే మద్రాసు పంపారు. ఆనాటినుంచి ఆవిడ పొయ్యి వెలిగించలేదు. క్లబ్బు బోసిపోయింది.

కొన్నాళ్లకి కంపెనీ మేనేజరే రైలు దిగాడు. దిగుతూనే, "కేక పెట్టినావిడ ఎవరు?" అన్నాడు.

అప్పలనరసమ్మ వచ్చి దండం పెట్టింది. "తప్పు నాది బాబూ. ఆడి బతుకు పాడు సెయ్యకండి."

"రెండు పాటలు విని టేపు కట్టేయబోయామమ్మా" అన్నాడు మేనేజరు. "అలా వాయించేవాళ్లు మా గుమ్మంలో బోలెడుమంది. ఇంతలో మీ కేక పడింది. ఆ కేక తరవాత వాయించాడే, వాడు కావాలి మాకు."

రికార్డు కేకతో సహా వచ్చింది. అట్టమీద అచ్చేశారు: గిటారు – ఎలీషా; కేక – అప్పలనరసమ్మ. ఎలీషా పేరు దేశమంతా మోగింది. రేడియోలో తన గొంతు విని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ! నా గొంతింత గయ్యాళిదేటి? మా ఆయన ఎలా ఏగాడర్రా!"

తరవాత ఎన్నాళ్లకో అప్పలనరసమ్మ పోయింది. ఆ వెంటనే ఒక కచేరీ. ఎలీషా ఆ పాట ఎత్తుకున్నాడు. తీగ లాగాడు. కేక పడాల్సిన చోటికొచ్చేసరికి చెయ్యి ముందుకి కదల్లేదు. వేలమంది ఎదుట ఏడుస్తూ నిలబడిపోయాడు. అప్పుడు ఎక్కడో వెనకనుంచి ఒక ఆడగొంతు కేక పెట్టింది. ఆ మీదట మైదానం మైదానమంతా పెట్టింది.

ఇప్పటికీ ఆ పాట ఎవరు వాయించినా ఆ చోట ఆగుతారు. జనం కేక పెడితేనే ముందుకెళ్తారు. ఇక ఆ రేవూళ్లో అయితే, స్టేజి ఎక్కబోతూ ఎవరైనా బిగుసుకుపోతే, పక్కవాళ్లు వీపు తట్టి చెబుతారు:

"అప్పలనరసమ్మని తలుసుకోరా. సేతులు అవే వదులవుతాయి."