హుసేనమ్మ జట్కా అమ్మిన పూట

"స్వామీ, వదిలిపెట్టడం అంటే ఏమిటి?" అని చిదంబరయ్య అడిగాడు.

అతను తెలియక అడగలేదు. వేములకోట హైస్కూల్లో ఇరవై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాడు. వైరాగ్యం మీద శ్లోకాలు అడిగితే గుక్క తిప్పుకోకుండా వందైనా చెప్పగలడు. పెళ్లి చేసుకోలేదు. అతనికి ఉన్నదల్లా సాంబడనే తమ్ముడు. సాంబడికి నలభై ఏళ్లు నిండాయి గాని బుద్ధి ఐదేళ్ల దగ్గరే ఆగిపోయింది. తల్లి పోయేనాటికి చిదంబరయ్యకు పద్దెనిమిది, తమ్ముడికి పది. అప్పటినుంచి ముప్పై ఏళ్లు అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి చొక్కా గుండీలు పెట్టడం దాకా అన్నీ అతనే చేశాడు. నెల కిందట తనకున్న మూడెకరాలు మేనమామ కొడుకు పద్మనాభం పేర రాసి, తమ్ముణ్ణి నల్లగుట్టపల్లిలో వాళ్లింట్లో దిగబెట్టి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, రెండు పంచెలతో ఏకాంతయ్య గారి మఠానికి వచ్చేశాడు.

"అన్నీ వదిలాననే అనుకున్నాను స్వామీ. జపానికి కూర్చుంటే మాత్రం మనసు నల్లగుట్టపల్లికే పోతున్నది. ఈ బంధం ఎలా తెంచుకోను?"

ఏకాంతయ్య గారు విస్తరాకు కుడుతున్నారు. ఆయన అడిగినవాటికి అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న ఆకు పూర్తిచేసి పక్కన పెట్టి, "రేపు పాలగిరి సంతలో గుర్రాల వేలం ఉంది. పొద్దున్నే బయల్దేరుదాం" అన్నారు.

గుర్రాల వేలానికీ తన ప్రశ్నకూ ఏం సంబంధమో చిదంబరయ్యకు అర్థం కాలేదు. అయినా పొద్దున్నే తయారై నిలబడ్డాడు.

ఆ తాలూకాలో పల్లెపల్లెకూ బస్సులు తిరగడం మొదలై అప్పటికి రెండేళ్లు. జట్కా ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. ఏటా పంటలు ఇంటికి చేరాక పాలగిరి సంత మైదానంలో జరిగే వేలానికి ఆ సంవత్సరం కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లే ఎక్కువగా వచ్చారు. గూడు రంగు వెలిసిన జట్కాలు ఒక వరుస, బరువు బండ్లు ఒక వరుస. వాటి మధ్య తాళ్లకు కట్టిన గుర్రాలు ఈగలను తోలుకుంటూ నిలబడి ఉన్నాయి. ఎండిన లద్దె వాసన, ఉలవల వాసన, మనుషుల కేకలు. ఏకాంతయ్య గారు ఒక బండి నీడన కండువా పరచుకుని కూర్చున్నారు. చిదంబరయ్య పక్కన నిలబడ్డాడు.

మొదట పాటకు వచ్చింది రంగప్ప నాయుడి నాలుగు చక్రాల బండి, దానికి జోడు గుర్రాలు. నాయుడు ఆ చుట్టుపక్కల పేరున్న రైతు. పగ్గాలు వేలం వేసే కొండన్న చేతిలో పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడు. పాట ముగిసింది. కొన్నవాడు దగ్గరికి వచ్చి, "వీటిని ఏమని పిలుస్తారండీ?" అని అడిగాడు.

"నీ ఇష్టం. ఏ పేరు పెట్టుకుంటే అదే" అన్నాడు నాయుడు. కండువా దులిపి భుజాన వేసుకుని, రోడ్డు మీదికి నడిచి, వచ్చిన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

చిదంబరయ్య మనసు కదిలింది. "చూశారా స్వామీ, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మనసు నాకెప్పుడు వస్తుందో!"

ఏకాంతయ్య గారు వరుసలో వెనకున్న గుర్రం వైపు చూశారు.

తరువాత వచ్చింది హుసేనమ్మ. యాభై దాటిన మనిషి. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కుని, పగ్గం పట్టుకుని గుర్రానికి ముందు నడుస్తూ వచ్చింది. ఆమెను ఎరగనివాళ్లు ఆ సంతలో లేరు. మొగుడు నడుం విరిగి మంచాన పడితే, ఆడది జట్కా తోలడమేమిటని నవ్విన ఊళ్లోనే తొమ్మిదేళ్లు బండి తోలింది. నవ్విన ఇళ్లవాళ్లే నొప్పులు పడుతున్న కోడళ్లను ఆమె బండిలోనే ధర్మాసుపత్రికి పంపేవారు. కుదుపు లేకుండా తోలుతుందని పేరు. ఇప్పుడు రెండు కళ్లకూ పొర కమ్మింది. కిందటి నెల ఎదురుగా వచ్చే ఎద్దుల బండి కనపడక జట్కాను కాలవలోకి దింపింది. బండిలో పసిబిడ్డతో ఒక బాలింత ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ మర్నాడే హుసేనమ్మ గుర్రాన్ని అమ్ముతానని కబురు పెట్టింది.

గుర్రం గోధుమ రంగుది, నుదుట తెల్లటి మచ్చ. చుక్కి అని పేరు.

కొండన్న గొంతెత్తాడు. "చూడండయ్యా, ఎనిమిదేళ్ల ఆడగుర్రం! గూడు బండితో కలిపి పాట!"

"పన్నెండు" అంది హుసేనమ్మ.

"ఏమ్మా?"

"పన్నెండేండ్లు కొండన్నా. నా కాడికి వచ్చేటప్పటికే దానికి మూడు."

జనం నవ్వారు. కొండన్న మొహం చిట్లించి పాట ఎత్తుకున్నాడు. ఇటుక బట్టీ కంట్రాక్టరు ఒకడు, ఊరూరా సోడాలు అమ్మే ఓబులేసు, ఇంకా ఇద్దరు ముగ్గురు పాడారు. పాట నాలుగొందలు దాటగానే మిగిలినవాళ్లు తప్పుకున్నారు. ఐదొందలు దాటాక ఓబులేసు కూడా వెనక్కి తగ్గాడు. కంట్రాక్టరు ఏడొందల దగ్గర నిలబడ్డాడు. కొండన్న ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు.

"ఒక్క నిమిషం" అని హుసేనమ్మ కంట్రాక్టరు వైపు తిరిగింది. పొర కమ్మిన కళ్లకు అతని మొహం సరిగా ఆనలేదు కాబోలు, రెండడుగులు దగ్గరికి వేసింది. "నాయనా, దీంతో ఏం తోలిస్తావు?"

"ఇటుకలు. వేరే ఏం తోలిస్తా?"

"బట్టీ యాడుండాది?"

"చెరువు కింద."

"అయితే బురదే. దీనికి ఎనక కుడికాలు తడినేల మీద జారతాది నాయనా. ఎక్కుడు దారిలో బరువేస్తే నిలబడిపోతాది. కొడితే ఇంకా నిలబడతాది."

కంట్రాక్టరు గుర్రం కాలు చూశాడు, హుసేనమ్మను చూశాడు, చేతిలోని బీడీ పారేసి, "నాకొద్దు లేబ్బా" అని వెళ్లిపోయాడు.

కొండన్నకు కోపం ఆగలేదు. "అమ్మనొచ్చినావా, చెడగొట్టనొచ్చినావా? మొగుడు మంచాన ఉండాడు, పూట గడవాల గదా నీకు? నోరు మూసుకుని ఉంటే ఏడొందలు వచ్చేది!"

"అమ్మేసినాక తెలిస్తే కొట్టేది దాన్నే గదా కొండన్నా" అంది హుసేనమ్మ.

చివరికి ఓబులేసు నాలుగున్నర వందలకు తీసుకున్నాడు. సోడా బుడ్లు గుర్రానికి పెద్ద బరువు కాదు, అతను తిరిగేది మెట్ట ఊళ్లు. చిదంబరయ్య నిట్టూర్చాడు. "పాపం, ఈమెకు బంధం ఇంకా తెగలేదు స్వామీ" అన్నాడు.

"విను" అన్నారు ఏకాంతయ్య గారు.

హుసేనమ్మ ఓబులేసును బండి పక్కన కూర్చోబెట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. కాలవలో నీళ్లు తాగదు, బకెట్లో పోస్తేనే తాగతాది. మెడ కింద ఎడమ పక్క తోలు కొట్టుకుపోయి ఉండాది, అక్కడ పట్టీ కింద మెత్తటి గుడ్డ పెట్టాల. లాడాలు కొట్టేటప్పుడు ముందు కాళ్లకు ఊరుకుంటాది, ఎనక కాళ్లకు మాత్రం ఎవరో ఒకరు చెవి నిమరతా ఉండాల. ఓబులేసు మొదట్లో "ఆ, ఆ" అంటూ సంత వైపు చూస్తూ విన్నాడు. కాసేపటికి చూపు తిప్పడం మానేశాడు.

"ఉరుములంటే భయం దానికి" అంది ఆమె. "ఉరిమినప్పుడు బండి దిగి దాని మొగం కాడ నిలబడి మాట్లాడాల."

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి. నీ పెండ్లాం మీద చాడీలైనా చెప్పు. గొంతు ఇనపడితే చాలు."

ఓబులేసు నవ్వాడు. తరువాత తల గోక్కుని, "మళ్లా మొదట్నించి చెప్పమ్మా. నాకు రాసుకునేది రాదు" అన్నాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. అతను ప్రతి మాటా బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెబుతూ వచ్చాడు. తప్పు చెబితే ఆమె దిద్దింది.

"ఇంకొకటి. ధర్మాసుపత్రి గేటు కాడ తనంతట తానే ఆగిపోతాది. ఎవరో ఒకరు దిగేదాకా కదలదు. అది దాని తప్పు కాదు, నేను నేర్పిందే. రెండు నెలలు ఆ దారిన పోవద్దు. మర్చిపోతాది." అని చుక్కి వైపు తిరిగి, "నాకు తెలిసి మర్చిపోతాది" అంది.

ఎండ తిరిగింది. చిదంబరయ్య ఎప్పుడు కూర్చున్నాడో అతనికే తెలియదు. అతని కళ్ల ముందు పద్మనాభం ఇంటి వసారా కదులుతున్నది. ఆ రోజు తాను చెప్పింది ఒక్కటే మాట, "జాగ్రత్తగా చూసుకోండి" అని. మేలుకుని ఉంటే ఏడుస్తాడని, మధ్యాహ్నం సాంబడు నిద్రపోతుండగా చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి దిగాడు. పప్పన్నానికి మజ్జిగ తగిలితే ఆ విస్తట్లో ఇక చెయ్యి పెట్టడని చెప్పలేదు. డప్పు వినిపిస్తే మంచం కిందికి దూరతాడని, అప్పుడు కసిరితే రెండు రోజులు మాట్లాడడని చెప్పలేదు. పంటి నొప్పి వస్తే నొప్పి అనలేడు, చెంప గోడకు ఆనించి నిలబడతాడు. అదీ చెప్పలేదు. ఆ చెంప ఎవరు చూస్తారు? పద్మనాభం భార్య మంచిదే. కానీ ఆమెకు ఎలా తెలుస్తుంది?

చిదంబరయ్య ఉత్తరీయం కొంగుతో మొహం తుడుచుకున్నాడు. ఏకాంతయ్య గారు అటు చూడలేదు.

బయలుదేరే వేళయింది. ఓబులేసు బండెక్కి పగ్గాలు పట్టుకున్నాడు. చుక్కి కదలలేదు. అదిలించాడు. అది మెడ తిప్పి హుసేనమ్మ ఉన్న వైపే చూస్తూ నిలబడింది. ఎవరో కొరడా అందించబోతే ఓబులేసు వద్దని తల ఊపాడు. ఈసారి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వలేదు.

"నేనుండేంత సేపు అది కదలదు" అంది హుసేనమ్మ. ఓబులేసును కిందికి దిగమని, అతని చెయ్యి పట్టుకుని చుక్కి మెడ మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. గుర్రం చెవులు రెండు మూడుసార్లు ఆడించి కుదుటపడింది. అప్పుడు తన చెయ్యి మెల్లగా తీసుకుని, పక్కకు జరిగి, మైదానానికి అడ్డంగా నడక సాగించింది.

వెనకనుంచి చుక్కి సకిలించింది. హుసేనమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ ఖాకీ చొక్కా అంచును బిగించి పట్టుకుని ఉన్నాయి. మళ్లీ నడిచింది. ఆమె బండ్ల వరుస దాటి కనుమరుగయ్యాక, ఓబులేసు గొంతు వినపడసాగింది. గుర్రంతో ఏదో మాట్లాడుతున్నాడు. చుక్కి ఒక అడుగు వేసింది. తరువాత ఇంకొకటి. జట్కా మెల్లగా ఎర్రమట్టి దారి పట్టింది.

"ఈమె కూడా వెనక్కి చూడలేదు" అన్నారు ఏకాంతయ్య గారు, కండువా దులుపుకుని లేస్తూ.

తిరుగు దారిలో జొన్న కోసిన చేల మధ్య గట్టు మీద గురువు ముందు, శిష్యుడు వెనక నడుస్తున్నారు. మఠం కనపడే చోటికి వచ్చాక చిదంబరయ్య, "స్వామీ, రేపు నల్లగుట్టపల్లి వెళ్తాను" అన్నాడు.

"వెళ్లు. ఎప్పటికి వస్తావు?"

"ఒక్క రోజు చాలు స్వామీ. చెప్పవలసినవి చెప్పేసి మర్నాటికి వచ్చేస్తాను."

అలా వెళ్లినవాడు ఆ వచ్చే వర్షాకాలం గడిచి, మరుసటి ఏడు వర్షాలు పడేదాకా తిరిగి రాలేదు. వచ్చిన తరువాత జపానికి ఎంత స్థిమితంగా కూర్చున్నాడో ఆ మఠంలో చూసినవాళ్లు చెబుతారు. కానీ ఆ సాయంత్రం అతనికి తన మాట మీద నమ్మకముంది, ఒక్క రోజు చాలనే అనుకున్నాడు.

ఏకాంతయ్య గారు నడక ఆపి వెనక్కి తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు.

"ముప్పై ఏళ్లు పెంచినవాడివి. అతని గురించి నీకు తెలిసింది ఒక్క రోజులో అయిపోతుందా, నాయనా?"