తోడల్లుళ్ళ పగడాలు

అనగా అనగా, ఉప్పుగాలి తగలని గడప ఒక్కటీ లేని రేవుపట్నం ఒకటుండేది. ఆ పట్నంలో నాగిశెట్టి అనే ఓడల వర్తకుడికి ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడు మాచయ్యకు ఊరి చివర ఉప్పుమడులున్నాయి. చిన్నల్లుడు గురవయ్య తెరచాపలు కుడతాడు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళే, మధ్యలో నడుమెత్తు గోడ.

ఆ గోడే కొంప ముంచింది. నడుమెత్తు గోడ అవతలికి చూడని కన్ను ఏది, చెప్పండి?

ఒకసారి నాగిశెట్టి దూరదీవుల నుంచి రెండు గాజుతొట్లు తెచ్చాడు. వాటి నిండా సముద్రపు నీళ్ళు, ఒక్కో తొట్టిలో ఒక్కో ఎర్రటి పగడం. మెడలో వేసుకునే పూసలనుకునేరు! కాదర్రా, ప్రాణమున్న పగడాలు. ఒళ్ళంతా చిన్న చిన్న మొగ్గలు, విప్పుకుంటూ ముడుచుకుంటూ ఉండేవి.

"అల్లుళ్ళూ, నేను ముసలివాణ్ణయ్యాను. ఇంకొక్కసారి సముద్రం మీదికి పోయి వస్తాను. ప్రాణమున్నదాన్ని కనిపెట్టుకోగలవాడికే నా ఓడ అప్పగిస్తాను" అని చెప్పి చెరొక తొట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు.

మాచయ్యకు ఓడ కావాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ ఓడ గురవయ్యకు దక్కకూడదు. అందుకని పొద్దున లేస్తూనే తన తొట్టి చూసుకోవడం మాని గోడ దగ్గరికి పోయేవాడు.

గురవయ్య తన తొట్టిని కిటికీ దగ్గర, పలుచని తెర చాటున పెట్టాడు. "వాడు వెలుగు చూపిస్తున్నాడా? నేను సూర్యుణ్ణే చూపిస్తాను" అని మాచయ్య తన తొట్టిని నడివాకిట ఎర్రటి ఎండలో పెట్టించాడు. పగడం రంగు వెలిసింది.

గురవయ్య మూడు రోజులకోసారి చిటికెడు రొయ్యపొడి చల్లాడు. మాచయ్య పూటకో గుప్పెడు పోశాడు. నీళ్ళు మురిగాయి, మొగ్గలు ముడుచుకున్నాయి.

గురవయ్య పొద్దున్నే చెంబెడు నీళ్ళు తొట్టిలో పోయడం కూడా కనబడింది. అవి ఏం నీళ్ళో మాచయ్య అడగలేదు. అడిగితే చిన్నతనం కదా! పడవ కట్టించి, నడిసముద్రం నుంచి కడవలతో నీళ్ళు తెప్పించి, తొట్టి తగ్గినప్పుడల్లా నింపాడు. పగడం ఎముకలా తెల్లబడిపోయింది.

"ఏవండీ, పోయి మరిదిగారిని అడగరాదూ?" అంది భార్య చెంచమ్మ.

"వాడి గడప నేను తొక్కనా?" అని కస్సుమన్నాడు మాచయ్య.

కానీ తొక్కాడు. ఎందుకో తెలుసా? నాది చస్తే వాడిదీ చావాలి అనుకున్నాడు. సముద్రపు ప్రాణికి మంచినీళ్ళు విషమని ఎక్కడో విన్నాడు. గురవయ్య రేవుకు పోయుంటాడని తలచి, కడవెడు బావినీళ్ళు భుజానికెత్తుకుని, మిట్టమధ్యాహ్నం వెనక తలుపున దూరాడు. తీరా చూస్తే గురవయ్య తొట్టి ముందే కూర్చుని ఉన్నాడు.

మాచయ్య కడవతో గుమ్మంలోనే ఆగిపోయాడు. గురవయ్య ముఖం మాత్రం విప్పారింది.

"నీళ్ళు తెచ్చావా అన్నయ్యా! నేనే బావికి బయల్దేరబోతున్నాను. చూడు, ఈ ఎండలకి రెండు వేళ్ళు తగ్గిపోయింది."

"బావినీళ్ళా? ఇందులోనా?"

"మరి? ఎండకి పోయేది నీరే. ఉప్పెక్కడికి పోతుంది, తొట్టిలోనే ఉంటుంది. పైనుంచి మళ్ళీ సముద్రపు నీళ్ళే పోస్తే ఉప్పు మీద ఉప్పు పేరుకోదూ? ఉప్పుమడులవాడివి, నీకు నేను చెప్పాలా!"

మాచయ్యకు అప్పుడు తట్టింది. సముద్రపు నీరు పెట్టడం, ఎండనివ్వడం, మళ్ళీ పెట్టడం, తాతల నాటి నుంచీ తమ ఇంట చేసే పనే అది. తన తొట్టిని తానే ఉప్పుమడి చేశాడు. వచ్చిన పని చెప్పలేక, "తమ్ముడూ, నాది చచ్చిపోతోంది" అని మాత్రం అన్నాడు.

గురవయ్య పరుగెత్తుకొచ్చాడు. తొట్టిని నీడకు జరిపాడు. మురిగిన మేత తీయించాడు. కడవ వంచబోతున్న మాచయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్కసారిగా పోస్తే తట్టుకోలేదు. రోజుకు చెంబెడు ఉప్పునీరు తీసి, చెంబెడు మంచినీళ్ళు పొయ్యి. ఉప్పు దారికొచ్చాక, తగ్గినంత పోస్తే చాలు. ఆ తర్వాత దాని మానాన దాన్ని వదిలెయ్యి."

వదిలెయ్యడమే కష్టమైంది మాచయ్యకు. నెల దాటింది. రెండో నెలలో ఒక కొనన ఒకే ఒక్క మొగ్గ విప్పుకుంది. మాచయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు. అయినా కుళ్ళు పోయిందనుకున్నారా? వాడి పగడానికి వంద మొగ్గలున్నాయే అని ఆ ఏడుపులోనే ఇంకో ఏడుపు!

నాగిశెట్టి తిరిగొచ్చేసరికి రెండు పగడాలూ ఎర్రగానే ఉన్నాయి. మాచయ్య పగడం చచ్చి బతికిందని ఊరంతా ఆయనకు చెప్పింది.

"చిన్నల్లుడు ఉన్నదాన్ని నిలుపుకున్నాడు. పెద్దల్లుడు పోయేదాన్ని వెనక్కి తెచ్చాడు. ఓడ మాచయ్యదే!" అన్నాడు నాగిశెట్టి.

గురవయ్య ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత నవ్వి, "మంచిదన్నయ్యా" అన్నాడు.

ఆ నవ్వు చూసి మాచయ్యకు ఒళ్ళు మండింది. ఓడ పోయినా వీడు నవ్వుతున్నాడు, ఓడ దక్కినా నాకు నవ్వు రాదేం! ఆ మంట ఓర్చుకోలేక ఉన్నదంతా కక్కేశాడు.

"దీన్ని బతికించింది వీడు, మామగారూ. నేను బావినీళ్ళు మోసుకెళ్ళింది వీడి పగడాన్ని చంపడానికి."

నాగిశెట్టి ఓడ అప్పగింతకు గుర్తుగా తన ముద్ర ఉంగరం తీసి గురవయ్య వేలికి తొడిగాడు.

గురవయ్య మాచయ్య వైపు తిరిగి, "నేను ఓడెక్కితే ఆరు నెలలకి గాని రాను. అన్నాళ్ళూ నా తొట్టిలో నీళ్ళెవరు పోస్తారు?" అన్నాడు. "నువ్వే పొయ్యాలి, అన్నయ్యా."

మాచయ్య తల దించుకుని, రెండు చేతులూ జోడించి, "పోస్తాను తమ్ముడూ" అన్నాడు.

విన్నారుగా పిల్లలూ, పక్కవాడి బాగు చూసి మండే కంటికి తన ఇంట్లో పోతున్న ప్రాణం కనబడదు.