మద్దిలేటే కదా?

మఠంలో తంబుర బుర్ర పగిలింది. పగలగొట్టింది ఎవరో ఓబుళేశుకు అప్పుడే తెలిసిపోయింది. ఇక దొరకాల్సింది రుజువొక్కటే.

కొండ కింద ఉన్న ఆ చిన్న మఠంలో కంబగిరి స్వామికి ఓబుళేశు పెద్ద శిష్యుడు. ఎవరేం చెప్పినా ఒక పట్టాన నమ్మడు. పొద్దు పొడిచిందని చెప్పినా బయటికొచ్చి చూసుకునే రకం. అదే తన వివేకమని లోలోపల మురిసిపోతుంటాడు కూడా.

ఆ తంబుర స్వామికి ఆయన గురువు ఇచ్చింది. దాని మీదే స్వామి తత్వాలు పాడేవాడు. పగిలిన బుర్రను ఒకసారి చేత్తో తడిమి, "విచారించు ఓబుళేశూ. నువ్వు ఎవరిని పొమ్మంటే వాళ్ళు మఠం వదిలి పోతారు" అన్నాడు.

ఓబుళేశు చూపు కొత్తగా చేరిన మద్దిలేటి మీదికే పోయింది. ఒకప్పుడు లారీ తోలిన మనిషి, వయసులో తనకన్నా పెద్ద. నోరు విప్పడు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. ఈ మఠం తప్ప తలదాచుకునే చోటు లేదు. ఇంత మౌనంగా ఉండేవాడు ఏదో దాస్తున్నట్టే!

అయినా తొందరపడకూడదనుకున్నాడు ఓబుళేశు. ఫోనులో ఏఐకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి అడిగాడు.

పొద్దున్నే స్వామి ముందు కూర్చున్నాడు. మద్దిలేటి అప్పటికే సంచీ భుజానేసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"నా ఒక్కడి మాటయితే పక్షపాతం అంటారని దీన్ని గూడా అడిగినా సామీ. దీనికి ఎవరి మీదా పగ లేదు."

"ఏమని అడిగితివి? ఉన్నదున్నట్టు చదువు."

"తంబుర పగలగొట్టింది మద్దిలేటే కదా?"

"ఏమనింది?"

"అవును, మీ అనుమానం సబబే అనింది. కారణాలు గూడా చెప్పింది."

స్వామి తలూపాడు. "ఇంకోసారి అడుగు. మద్దిలేటి పేరు తీసి నా పేరు పెట్టు."

ఓబుళేశు బిత్తరపోతూనే అడిగాడు. అవును, అందుకు అవకాశం గట్టిగానే ఉందంది ఫోను. ముసలాయన చేతులు వణుకుతాయి, పైగా విచారణ ఇంకొకరికి అప్పగించి తాను తప్పుకోవడం అనుమానించదగ్గ సంగతే.

స్వామి పకపకా నవ్వాడు. "ఇప్పుడు నీ పేరు పెట్టు."

ఓబుళేశు తన పేరు పెట్టి అడిగాడు.

"చదువు."

"అవును. కొత్తగా వచ్చినవాడిని చూసి కన్నుకుట్టి, నేరం వాడి మీదికి నెట్టాలని..." అక్కడితో చదవడం ఆపేశాడు.

"ఎంత మంచిదప్పా ఇది! ఎవరి పేరు చెప్పినా కాదనదు" అన్నాడు స్వామి.

ఓబుళేశుకు సిగ్గేసింది. అంతకన్నా భయమేసింది. తంబుర తను ముట్టుకోలేదు, నిజమే. మరి ఆ కన్నుకుట్టిన మాట అబద్ధమని ఎందుకు అనలేకపోతున్నాడు?

"నిజం ఎట్ల తెలుస్తాది సామీ?"

"ఆ 'కదా' తీసేసి అడుగు."

ఓబుళేశు మళ్ళీ ఫోను మీదికి వంగాడు. స్వామి దాన్ని మెల్లగా లాక్కుని చాప మీద బోర్లా పెట్టి, గడప వైపు చూశాడు.

ఇంత విచారించాడే గానీ, ఓబుళేశు ఆ మనిషిని ఒక్క మాటయినా అడగలేదు.

లేచి దగ్గరికి వెళ్ళాడు.

"మద్దిలేటన్నా, ఏం జరిగింది?"

మద్దిలేటి భుజం మీది సంచీ కిందికి దించాడు.